మెత్తని పాళ్ళు

నిచ్చెన పదిహేడో మెట్టు మీద
సముద్రం మొదటిసారి మొత్తంగా కనబడుతుంది.
ఆ తర్వాత అటు చూడను.
చూస్తే చెయ్యి వణుకుతుంది,
చెయ్యి వణికితే సున్నం కిందివాళ్ళ నెత్తిన పడుతుంది.

నోవా స్కోషియా. సెప్టెంబరు.
నాలుగు రోజులుగా వాన లేదు.
గడ్డకట్టే చలి వచ్చేలోపు నాకింకా ఆరు చిమ్నీలున్నాయి.
ఇది వెర్నా నికిల్ గారి ఇల్లు.
పసుపురంగు చెక్క గోడలు, ముంగిట లాబ్‌స్టర్ బోనుల గుట్ట,
నడినెత్తిన ఎర్ర ఇటుకల పొగగొట్టం.

ఊరివైపు ముఖం నిక్షేపంగా ఉంది.
రేవు వైపుకి తిరిగితే
పుచ్చుపన్నులోకి నాలుక పోయినట్టు
వేలు సందులోకి తిన్నగా పోయింది.
నూటపదేళ్ళు ఉప్పుగాలి తిని
గొట్టం ఓ అంగుళం సముద్రం వైపే ఒరిగింది.
తిన్న ఉప్పు విశ్వాసం కాబోలు.

పై నాలుగు వరసలది వేరే కథ.
అక్కడ ఇటుక లేదు, సిమెంటు ఉంది.
తేనె పిండేసిన పట్టులా
బూడిదరంగు గళ్ళు, గళ్ళ నడుమ ఎర్రటి పొడి.
లోపలికి పోయిన నీటిని సిమెంటు బయటికి రానివ్వలేదు.
నీరు గడ్డకట్టింది, ఇటుక ముఖం పగిలింది,
శీతాకాలం వెంట శీతాకాలం.
కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

అతుకు అంచు చూశాను.
ప్రతి సందులోనూ తాపీ గీత కుడి నుంచి ఎడమకి దిగింది.
ఈ తీరంలో ఎడమచేత్తో తాపీ పట్టినవాడు
నాకు తెలిసి ఒక్కడే.
ఉలి పెట్టే ముందు కాసేపు ఊరికే కూర్చున్నాను.

పది గంటలకి తాడు కట్టిన బకెట్లో టీ పైకొచ్చింది.
కప్పు కింద మడత పెట్టిన కాగితం:
జూలై 1984. చిమ్నీ పైభాగం, సిమెంటుతో.
యాభై ఏళ్ళ గ్యారంటీ. సంతకం, ఆరిన్ మోషర్.
"ఇంకా పదేళ్ళ చిల్లరుంది!" కింద నుంచి కేక.
నవ్వో కోపమో
అంత ఎత్తుకి తేలలేదు.

అప్పటికి సున్నం అడిగేవాళ్ళు లేరు.
గట్టిదే మంచిదనుకున్న రోజులు.
ఆయన ఇంట్లో మాట కలిపినా అవే పాళ్ళు,
ఒకసారి బిగిసిందంటే
పక్కన ఉన్నదే పగలాలి.

యంత్రం పెడితే ఇటుక అంచు తెగుతుంది.
ఉలితో, చిన్న సుత్తితో, రెండు రోజులు.
సందు వెడల్పుకి రెండింతల లోతు.
ఒకపాలు సున్నం, మూడుపాళ్ళు ఏటి ఇసుక.
కాళ్ళ కింద ఉచితంగా దొరికే ఇసుక పనికిరాదు,
దాని కడుపునిండా ఉప్పే.
ఇటుకకి దాహం తీరేదాకా నీళ్ళు చల్లి
కొంచెం కొంచెంగా లోపలికి అదిమాను.
బొటనగోరు దిగీ దిగకుండా ఉన్నప్పుడు
కుచ్చుతో తట్టి, తడి గోనెపట్టాలు కప్పాను.
ఎండ తొందరపెట్టకూడదు, గాలి తొందరపెట్టకూడదు.

వెనకవైపు మూడు ఇటుకల దగ్గర
సిమెంటు ఊడి రాలేదు.
లాగితే ఇటుకే వచ్చేస్తుంది.
అక్కడ ఆయన్ని అలాగే ఉంచేశాను.

దిగాక చేతులు కడుక్కుంటుంటే
గ్యారంటీ ఎన్నాళ్ళని అడిగింది.
ఇది అరగడానికే పెట్టింది వెర్నా గారూ,
ఇటుక బదులు ముందు ఇదే పోతుంది,
పోయినప్పుడు మళ్ళీ ఎవరో ఎక్కాలి, అన్నాను.

ఆవిడ చాలాసేపు పైకి చూసింది.
గోనెపట్టాలు గాలికి ఊగుతున్నాయి.
పాత రసీదు మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుని
నా చేతిలో సగం డబ్బులే లెక్కపెట్టి,
ఉప్పుచేప పొట్లం ఒకటి దానిమీద పెట్టింది.

"తక్కిన సగం
మీ నాన్న గ్యారంటీలో పోయింది, మోషర్ పిల్లా.
రేపు టీకి కిందికే రా."