సెకనుకి యాభై సార్లు

మిండెలో రేవు వెనక సందులోంచి
ఎర్నెస్తీనా కబురు పెట్టింది:
"జుల్మీరా, మా స్పీకర్లో తుమ్మెద దూరింది,
వచ్చి తీసిపో."

తుమ్మెద కాదు. కరెంటు.
సెకనుకి యాభై సార్లు కొట్టుకునే రెక్క.
సోల్ స్వరం మీద నిలబడబోయి
వెంట్రుకవాసి పైకి జారిన గుయ్‌.

ఆరయింది. ఎనిమిదికి పాట మొదలు.
ముసలి తెయోఫిలు వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని
కిటికీలోంచి పడవల్ని లెక్కపెడుతున్నాడు.
నా పెట్టె వైపు చూడలేదు.
"పోనీలే అమ్మా, ఎప్పుడూ ఉండేదేగా" అన్నాడు.
ఎప్పుడూ ఉండేది తీసెయ్యడమే
నా బతుకుతెరువు అన్నాను.

ముందు అన్నీ పీకెయ్యాలి.
మా నాన్న నేర్పింది అంతే, ఇంకేం నేర్పలేదు.
వయొలిన్ పీకాను, గుయ్‌.
గిటారు పీకాను, గుయ్‌.
గాయని మైకు పీకితే
గాయని గొణిగింది, దాంతోపాటు గుయ్‌.
మిక్సర్ కేబులు లాగాను.
గదికి ఒక్కసారిగా చెవులు మొలిచాయి.

దొంగ దొరికాడు, సగం.
మిక్సర్ అన్నం తినేది కౌంటరు ప్లగ్గులో,
స్పీకరు తినేది వేదిక ప్లగ్గులో.
రెండిళ్ళ కూడు తిన్నవాడికి
ఏ నేల మీదా కాలు నిలవదు.
ఒక్క బోర్డు మీదికి తెచ్చాను ఇద్దర్నీ.
తుమ్మెద దోమయింది.

వయొలిన్ జాక్‌లో ఉప్పు.
ఈ ఊళ్ళో గాలి ఊరికే రాదు,
సముద్రాన్ని పిడికిట్లో పట్టుకుని వస్తుంది.
పెన్సిల్ రబ్బరుతో రుద్దాను,
ఆకుపచ్చ చిలుము రాలింది,
చిటపట ఆగింది.
లైట్లు తగ్గించే తిరుగుడు బొత్తాం ఆర్పేశాను,
జీరగొంతు ఒకటి పోయింది.

మిగిలింది ఆ దోమ ఒక్కటే.
కౌంటరు కిందికి పాకాను.
బీరు ఫ్రిజ్, నాకంటే పెద్దది వయసులో,
తలుపుకి తాడు కట్టిన ఫ్రిజ్.
ఎర్నెస్తీనా కేకలేస్తూనే ఉంది,
నేను ప్లగ్గు తీశాను.

నిశ్శబ్దం.
కడిగి బోర్లించిన గిన్నె లాంటిది.
నా పనిని నేనే మెచ్చుకునే ఆ నాలుగు క్షణాలకే
నేను ఈ పనిలో ఉన్నాను.

"వాయించు తెయోఫిల్" అన్నాను.
కమాను ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.
నెమ్మది మోర్నా ఒకటి, తొలి చరణం.
స్వరం బాగుంది.
స్వరం వెనక
టిక్.
టిక్ టిక్.
మళ్ళీ కేబులేనేమో అనుకుని వంగాను.
కేబులు కాదు.

ఎడమచేతి ఉంగరం.
వణికే వేలు కర్ర మెడకి తగిలినప్పుడల్లా
వంతెన కింద అంటించిన చిన్న పికప్
ఆ తాకిడినంతా తాగి
గది నిండా కక్కుతోంది.
వేలి కణుపు ఉబ్బిపోయింది, ఉంగరం రాదు.
వచ్చినా, వణుకు ఎక్కడికి పోతుంది?

ఆపేశాడు.
అప్పుడు చూశాడు నా వైపు, మొదటిసారి.
కోపం లేదు. పట్టుబడ్డ కుర్రాడి చూపు,
అరవై ఏళ్ళు ఆలస్యంగా.
గిటారు కుర్రాడు దమ్ము కొట్టడానికి బయటికెళ్ళాడు,
వాడేం వినలేదు.
గాయని వినే ఉంటుంది. పెదాలకి రంగు వేసుకుంటోంది.

నేను కౌంటరు కిందికి మళ్ళీ పాకాను.
ఫ్రిజ్ దగ్గి, వణికి, లేచింది.
మిక్సర్ వైరుని దాని పాత ప్లగ్గులోకి నెట్టాను.
తుమ్మెద వచ్చి తన చోట కూచుంది.
"ఇంతకంటే పోదు ఎర్నెస్తీనా,
ఈ ఇంటి వైరింగు అలాంటిది."
నా ముప్ఫై ఏళ్ళ పేరు మీద చెప్పిన అబద్ధం.
"బీరైనా చల్లగా ఉంటుందిలే" అంది ఆవిడ.

బిల్లులో రాశాను: జాక్ శుభ్రం చేసినందుకు.
ఇంకేం రాయలేదు.

ఎనిమిదికి జనం కుర్చీలు లాక్కున్నారు.
తెయోఫిలు తల వంచి,
స్పీకరు వైపు చెవి ఒగ్గి,
అట్టడుగు తీగని ఆ గుయ్‌కి కలిసేదాకా
వెంట్రుకవాసి బిగించాడు.
మిగతా మూడూ దాని వెంట నడిపించాడు.
గిటారు కుర్రాడు లోలోపల తిట్టుకుంటూ
తన ఆరు తీగలూ పైకి లాక్కున్నాడు.