మూడింటికి ఆపి, మళ్లీ వెయ్యి

కొవిల్యాలో కొండవాలు మీద ఉన్ని మిల్లు.
కిటికీ అవతల ఫిబ్రవరి మంచు,
ఇవతల పధ్నాలుగు మగ్గాలు,
అన్నిటికీ డిజైన్లు పంపే ఒక్క పాత కంప్యూటర్,
నల్ల తెర మీద పచ్చ అక్షరాలు.
తెర అంచుకి అంటించిన కాగితం, పసుపెక్కింది:
"మూడింటికి ఆపి, మళ్లీ వెయ్యి."
ఎవరు రాశారో, ఎందుకో
ఇరవై రెండేళ్ల సూపర్‌వైజరు ఎర్మీనియాకే తెలీదు.

"మెమొరీ చాలదంటుంది," అంది.
"అంత చాలనిది మేం ఏం అడిగామని?"

దీనికున్నది ఆరువందల నలభై కిలోబైట్లు.
నా ఫోన్లోని పిల్లి ఫొటో ఒక్కటి కూడా పట్టదు.
అంత ఇరుకింట్లో సంసారం నడిపించాడు
దీన్ని రాసినాయన, అదెరీతు.
ఇప్పుడు లేడు.
ఆయన ప్రోగ్రాం కాగితాలు మాత్రం బీరువాలో,
కలరా ఉండల వాసనతో.

మొదట మౌస్ డ్రైవర్ని పీకేశాను.
ఈ మిల్లులో మౌస్ ఏనాడూ లేదు;
లేని ఎలక్కి పధ్నాలుగు కిలోబైట్ల బోను.
ప్రింటర్ కోసం కాపలా ఉన్నదాన్ని అటక మీదికి ఎక్కించాను.
మూడున్నర దాకా నడిచింది.
మూడున్నరకి మళ్లీ అదే మాట.

ఖాళీ ఉంది, లెక్కపెట్టాను.
కానీ బస్సులో అక్కడొకటి ఇక్కడొకటి సీటున్నట్టు.
అందరం పక్కపక్కనే కూర్చోవాలనే పెద్ద డిజైను
ఫుట్‌బోర్డు మీదే ఆగిపోతోంది.
మరి మధ్య సీట్లలో ఎవరు?

రెండు రాత్రులు చదివాను, వేలు పెట్టి, వరస వరస.
నూట పన్నెండో పేజీలో దొరికింది.
పోగు తెగిన ప్రతిసారీ
ఫలానా మగ్గం, ఫలానా పోగు అని రాసుకోవడానికి
కాస్త చోటు చేబదులు తీసుకుంటుంది.
రాస్తుంది. చూపిస్తుంది. గంట కొడుతుంది.
చోటు తిరిగివ్వదు.
పక్కన పెన్సిలుతో ఆయన చేతిరాత: "తర్వాత".
ఆ తర్వాత రాలేదు.

ఒక్క లైను రాశాను.
ఆ రోజు మూడు దాటింది. నాలుగు. అయిదు.
మగ్గాలు ఊపిరి తీసుకోలేదు.
కొంచెం గర్వంగానే నిలబడ్డాను, చేతులు తుడుచుకుంటూ.
ఎవరూ నావైపు చూడలేదు.

సాయంత్రం ఎర్మీనియా వచ్చింది, చెవుల్లో దూది తీసుకుంటూ.
"అది లేచి, అన్ని మగ్గాలకీ డిజైన్లు ఎక్కించేసరికి
పన్నెండు నిమిషాలు పట్టేది.
కాఫీ తాగేవాళ్లం. జుల్మీరా మోకాళ్లు చాపుకునేది.
ఎవరి లెక్కలోనూ లేని పన్నెండు నిమిషాలు.
యజమాని కూడా ఏమీ అనేవాడు కాదు,
మిషన్ని పట్టుకుని ఎవరు తిడతారు?"
కాసేపు ఆగి,
"ఆ జబ్బుని మళ్లీ పెట్టగలవా?"

పెట్టలేదు. చేతులు రాలేదు.
ఇంకో లైను చేర్చాను:
మూడయితే తెర చీకటి చెయ్యి, పన్నెండు నిమిషాలు ఆగు.
కారణం రాసేచోట చాలాసేపు ఆలోచించి
"మెమొరీ సర్దుబాటు" అని రాశాను.
అబద్ధమేమీ కాదు.

వెళ్లేముందు
ఆ పసుపు కాగితానికి జిగురూడిన మూల
కొత్త టేపు వేశాను.