ఆరో గాడి

పేర్లు నా దాకా రావు.
సీసా మీద అంటించిన ఒక అంకె,
లోపల ఆకుపచ్చగా, జిగటగా
ఎవరో రాత్రంతా దగ్గితే వచ్చిన చెంచాడు కఫం.
మూత తీస్తే ద్రాక్షపళ్ళ వాసన.
జబ్బుకి పండు వాసన ఉంటుందని
ఉద్యోగంలో చేరిన రోజున ఎవరూ చెప్పలేదు.
ఆ ఏడాదే ద్రాక్ష తినడం మానేశాను.

లివర్‌పూల్‌లో జనవరి. మూడింటికే దీపాలు వేశారు.
బ్యాక్టీరియాని ఉడికించి గోడలు పగలగొట్టి
ఆ నీళ్ళలో రెండు ప్రైమర్లు కలిపాను.
లక్షల అక్షరాల మధ్య
తమకు తెలిసిన ఒక్క వాక్యం కోసమే వెతికే
మొండి చదువరులవి.
యంత్రం వేడెక్కుతుంది, చల్లారుతుంది,
మళ్ళీ వేడెక్కుతుంది. ముప్ఫై సార్లు.
ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు,
తీర్చని బాకీ మీద చక్రవడ్డీలాగా.
ఈలోగా నా టీ కూడా చల్లారుతుంది,
అదొక్కసారే.

ఎవరి ఊపిరితిత్తుల్లోని పురుగు వాళ్ళదే అనుకునేవాళ్ళం.
తడిమట్టిలోంచో కుళాయిలోంచో
విడివిడిగా వచ్చి చేరుతుంది కాబోలు,
పిల్లల్ని కలిసి ఆడుకోనిద్దాం అనుకున్నాం.
వేల్స్ ఒడ్డున వేసవి శిబిరాలు పెట్టాం.
ముద్దు పెట్టుకుంటే తల్లి పెదవికి ఉప్పు తగిలే పిల్లలు
తమలాంటి వాళ్ళని మొదటిసారి చూశారు.
ఒకరి వీపు ఒకరు చరిచి కఫం వదిలించుకున్నారు.
ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారని పందేలు కాశారు,
ఒకే గరిటెతో ఐస్‌క్రీం తిన్నారు.
మేం ఫొటోలు తీశాం.

జెల్‌ని అతినీలలోహిత కాంతి కింద పెట్టాను.
నాలుగో గాడిలో ఒక గీత. తొమ్మిదో గాడిలో ఒక గీత.
స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఎత్తున.
కొత్త గ్లవ్స్, కొత్త నీళ్ళు, మళ్ళీ మొదటినుంచి.
మళ్ళీ అదే.
ఇద్దరిలోనూ ఉన్నది ఒకే ఇంటిపేరు పురుగు,
వార్డు వార్డంతా తిరుగుతున్నది, మందులకు లొంగనిది.
ఎవరినుంచి ఎవరికి వెళ్ళిందో పరీక్ష చెప్పదు.
గీతకి బాణం గుర్తు ఉండదు.

నియమం తప్పి, నర్సు బ్రెన్నా ఫోన్లో పేర్లు చెప్పింది.
నాలుగు, బాంగర్ నుంచి ఎలునెడ్.
తొమ్మిది, బూటిల్ నుంచి టెరీసా.
ఆరు, రిల్‌లో చేపలమ్మే వాళ్ళ అమ్మాయి మెరెరిడ్.
ముగ్గురిదీ శిబిరంలో ఒకే గుడారం.
ఆరో గాడి ఖాళీ.

గీత ఉన్నవాళ్ళకి గురువారం,
లేనివాళ్ళకి మంగళవారం.
వేరే తలుపు, వేరే కుర్చీలు,
తలుపు పిడి కూడా వేరే.
శుభవార్త ఇది, రాసి పంపాం.

పది రోజులకి ల్యాబ్‌కి ఫోనొచ్చింది. చిన్న గొంతు.
మధ్యమధ్య దగ్గు, ఆ దగ్గుకి క్షమాపణ.
"ఆరో నంబరు నాది. మళ్ళీ ఒకసారి చూడరూ?
పొరపాటు జరిగి ఉంటుందేమో."
లేదమ్మా, రెండుసార్లు చూశాను,
నీకు రాలేదు, భయం లేదు అన్నాను.
అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు.
"అయితే గురువారం కుదరదన్నమాట," అంది.
ఆమె ఏ పొరపాటు కోసం అడిగిందో
రిసీవర్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు.

మూడు నెలలకి మళ్ళీ సీసా. మళ్ళీ ఖాళీ.
ఆ చీకటిని చాలాసేపు చూశాను.
ఏదైనా కనబడుతుందేమోనని భయపడుతూ చూశాను.
అంతకన్నా ఎక్కువ చెప్పను.

మార్చిలో ఒక గురువారం, సిగరెట్ కోసం కిందికి దిగాను.
కార్లు ఆపే చోట తెల్లటి చేపల వ్యాన్,
అద్దాలు బిగించి ఉన్నాయి.
చెవికి ఫోను ఆనించుకుని లోపల ఒకమ్మాయి
మొదటి అంతస్తు కిటికీ వైపు చెయ్యూపుతోంది.
కిటికీలో ఇద్దరు, ఒకే ఫోనుకి రెండు చెవులు.
ఎవరో ఏదో అన్నారు.
ముగ్గురూ నవ్వారు, నవ్వు దగ్గులోకి జారింది,
ముగ్గురూ వంగిపోయారు.
లేచి చూసేసరికి
ఆ అద్దం మీద ఆవిరి, ఈ అద్దం మీద ఆవిరి.
చేతులతో తుడుచుకుంటున్నారు,
ఎవరిది వాళ్ళు.