గ

మా ఇంట్లో తెలుగు మాట్లాడతారే కాని
రాసినవాళ్ళెవరూ లేరు.
పులియంతోపు కార్పొరేషన్ బడిలో
నాకు దొరికినవి అరవ అక్షరాలు.
వాటిలో క, గ ఒకటే. ప, బ ఒకటే.
పాట అని రాస్తే బాట కూడా అదే,
ఏది కావాలో నోరు తేల్చుకోవాలి.

అందుకే ఆడిషన్ కాగితం చేతికి రాగానే
లిఫ్టు పక్క మెట్ల మీద కూచుని
కూడబలుక్కుంటూ
తెలుగు వరస కింద అరవ వరస రాసుకున్నాను.
నాతో ఇంకో పదకొండు మంది.
ఒకమ్మాయి ఫ్లాస్కులోంచి తేనె నీళ్ళు తాగుతోంది.
ఒకబ్బాయి గోడకి చెబుతున్నాడు,
"నమస్తే నమస్తే నమస్తే చెన్నై!"
గోడ ఏమీ అనలేదు.

నుంగంబాక్కం, నాలుగో అంతస్తు.
గది తలుపు మూసుకోగానే
చెవుల్లో దూది పెట్టినట్టయింది.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
బేసిన్ బ్రిడ్జి రైలు వినపడని చోట నిలబడ్డాను.
నా గుటక నాకే వినిపించింది.

అద్దం అవతల హయగ్రీవ గారు వేలు ఊపారు.
"మరో కంటలో," చదివాను, "కాలివాన..."
వేలు ఆగింది.
"ఏ కంట్లోనమ్మా? కుడి కంట్లోనా, ఎడమ కంట్లోనా?"
అద్దం వెనక నవ్వారు. చప్పుడు రాలేదు,
పళ్ళు మాత్రం కనిపించాయి.
గాలి అని రాసుకున్నది కాలి అయింది,
అరవంలో చదివితే ఖాళీ.
లోపల కూడా అంతే ఉంది.

"కాగితం పక్కన పెట్టు," అన్నారాయన.
"పొద్దుటి నుంచీ ఏం చూశావో చెప్పు. ఒక్క నిమిషం."

నీళ్ళ లారీ ఆలస్యంగా వచ్చిందని చెప్పాను.
ఇంకా నలుగురం ఉండగానే గొట్టం బుసకొట్టి ఊరుకోబోయిందనీ,
పక్కింటి మరగతం అక్క
తన బిందె వెనక్కి లాగి నాది ముందుకు తోసి
"గొంతు చూపించను పోయే పిల్ల, తలంటుకోనీ" అందనీ,
ఆ నీళ్ళు ఇంకా జడలోంచి కారుతున్నాయనీ,
ఇరవై తొమ్మిది నంబరు బస్సులో కండక్టరు
చిల్లర లేదని తిట్టి, తడి నోటు తీసుకుని
ఆరబెట్టుకున్నాడనీ.
చెబుతుంటే
గొట్టం, గొంతు, గబగబా
గ లన్నీ వాటంతటవే వచ్చి నిలబడ్డాయి.
నిమిషం దాటిపోయింది.
ఎవరూ వేలు ఊపలేదు.

ఉద్యోగం ఇచ్చారు. అంటే, ఇవ్వలేదు.
మూడు నెలలు జీతం లేదు, బస్సు ఖర్చులు.
తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా
పాటకీ పాటకీ మధ్య టైమ్ చెప్పాలి.
పెంచలమ్మ అంటే గాల్లో బరువన్నారు.
పెంచల చాలన్నాను. ప్రియ అందామన్నారు.
టైమ్ చెప్పేదానికి పేరెందుకులే
అని చివరికి ఎవరో తేల్చేశారు.

ఆ వేళప్పుడు వినేదెవరు?
ఏటీఎమ్ ముందు కునికే కుర్చీలు.
కోయంబేడులో కొత్తిమీర కట్టలు విడదీసే చేతులు.
సైకిలుకి చీపురు కట్టుకుని
ఫోను రవికెలో దోపుకుని
రోడ్డు ఊడ్వడానికి పోయే మా అమ్మ.

కాగితం మీద ఇప్పటికీ
క పక్కన చుక్క పెట్టుకుంటాను, గ అని గుర్తు.
మొదటి రాత్రి ఎనిమిది చుక్కలు పెట్టుకున్నాను.
నాలుగు గంటల నలభై మూడు నిమిషాలు, అన్నాను.
మైకు ఎర్ర దీపం ఆరిపోయింది.
చేతుల చెమట లంగాకి తుడుచుకుని
మళ్ళీ నాలుగు యాభైకి కాచుక్కూచున్నాను.

ఇంటికొచ్చి అడిగాను, విన్నావా అని.
చీపురు గోడకానించి
కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ అంది:
"వింటి. నువ్వు చెప్తే ఎట్టా నమ్మేదని
టీ కొట్లో గడియారం చూసుకుంటి.
సరిగ్గానే ఉండాది."