పదకొండు వేల అడుగులు

ఫణీంద్ర ఆఫీసులో నడక పోటీ పెట్టారు.
ఇంటినుంచి పనిచేసే రోజు
కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపి
"కాస్త ఇది పెట్టుకో హిమజా" అని
తన వాచీ నా మణికట్టుకి బిగించాడు.
ఆఖరి రంధ్రం దాకా.
గుండెనీ లెక్కపెడుతుందట మరి.

టార్నీట్‌లో మా ఇల్లు మరీ పెద్దదేం కాదు.
పొయ్యి నుంచి సింకుకి మూడడుగులు,
గరాజ్‌లో బియ్యం బస్తాకి పందొమ్మిది.
చిన్నాడి సాక్సు ఒకటి దొరికి రెండోది దొరక్క
మేడ మీదికి రెండుసార్లు.
పెరట్లో బట్టల గొడుగు గాలికి గిర్రున తిరిగితే
దాని వెంట నేనూ.
పాలు పొంగినప్పుడు గుండె ఒక్కసారి ఎగిరింది,
అదీ ఫణీంద్ర ఖాతాలోకే.
సాయంత్రానికి పదకొండు వేల నాలుగొందల ఆరు.
గుమ్మం దాటలేదు.

అడుగులైతే లెక్కపెట్టింది గానీ
నిలబడి తాగిన కాఫీ దానికి పట్టలేదు.
పిల్లల పళ్ళేల్లో మిగిలిన బ్రెడ్డు అంచులు,
పారేయడానికి చేతులు రాని నిన్నటి పప్పు,
అదే నా మధ్యాహ్న భోజనమని దానికేం తెలుసు?
అందరూ పడుకున్నాక
చీకట్లో నమిలిన జంతికలు మాత్రం
వినబడే ఉంటాయి.
పాపం, ఎవరికీ చెప్పలేదు.

మడమ నొప్పని డాక్టర్ ట్రాన్ దగ్గరికెళ్తే
ముందు కాగితం నింపమన్నారు.
వారానికి ఎన్ని నిమిషాలు వ్యాయామం?
పెన్ను అక్కడ ఆగిపోయింది.
బొంతకి కవరు తొడగడం వ్యాయామమేనా?
ఇరవై కిలోల సోనా మసూరి కారులోంచి దించడం?
సున్నా వేసి, కొట్టేసి,
మళ్ళీ సున్నాయే వేశాను.

రక్తం రిపోర్టు చూసి ఆవిడ కళ్ళజోడు తీసింది.
ఇంత ఎండ కాసే దేశంలో
మీకు డి విటమిన్ లేదేమిటండీ అంది.
ఎండ నాకు తెలీకపోవడమేం?
ఏ పూట ఏ కిటికీ తెర మీద ఉంటుందో,
కారానికి మిరపకాయలు ఏ మూల పరిస్తే
రెండు రోజుల్లో గలగలమంటాయో
నన్నడిగితే చెప్పేదాన్ని.
మిరపకాయలకి చూపించిన ఎండ
నాకు చూపించాలని తోచలేదు, అంతే.

ఫణీంద్ర గెలిచాడు.
కంపెనీ పేరున్న స్టీలు నీళ్ళ సీసా.
బల్ల మీద పెట్టి "నాన్న ఫస్టు" అన్నాడు.
పెద్దది నా మణికట్టు మీద పట్టీ వొత్తిన గీతని చూసింది.
పదమూడేళ్ళు దానికి.
ఏమీ అనకుండా పెరుగు కలుపుకుంది.

పై నెల ఇంకో పోటీ. మళ్ళీ అదే చెయ్యి, అదే వాచీ.
తీసుకున్నాను.
తీసుకుని ఉప్పు డబ్బా పక్కన పెట్టాను.
సింకులో మూకుడు నానుతోంది, నాననీ.

పక్కింటి కర్మేనా, మాల్టా నుంచి వచ్చినావిడ,
డెబ్బై రెండేళ్ళది,
రోజూ కుక్కతో వాగు దాకా వెళ్తూ
కంచె మీంచి నన్ను పిలుస్తుంది.
మూడేళ్ళుగా "రేపొస్తా" అంటున్నాను.
ఆ రేపు మంగళవారమని ఇద్దరికీ తెలీదు.

స్కెలిటన్ క్రీక్ అని ఆ వాగు పేరు.
ఎముకల గూడు పేరు పెట్టుకున్న నీళ్ళు.
సరిగ్గా నాకు తగిన చోటే అనుకుంటే నవ్వొచ్చింది.
మడమ గుచ్చుతోంది, మెల్లిగానే వెళ్ళాం.
బెంచీ మీద కూర్చున్నాం.
కర్మేనా జేబులోంచి కమలాపండు తీసిచ్చింది.
ఎవరికీ తొనలు పంచకుండా
ఒక పండు మొత్తం కూర్చుని తిని
ఎన్నేళ్ళయిందో.
రసం మోచేతి దాకా కారింది.
దాని మీద ఎండ పడింది.

ఇంటికొచ్చేసరికి ఉప్పు డబ్బా పక్కన
వాచీ గుర్రుగుర్రుమంటోంది:
చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు,
లేచి కాస్త నడవండి.

పై గదిలోకి వినబడేలా
చదివి వినిపించాను.