ఎడమ బూటు

వాల్టర్ ఫెయిర్లీ ఆట నేను చూసింది తక్కువ,
అతని బూట్లు చూసింది ఎక్కువ.

ఇరవై ఒకటిలో మొదటిసారి నా కొట్టుకు తెచ్చాడు.
గనిలో తొడుక్కునేవే. ముక్కుకు ఇనుప రేకు,
కుట్లలో ఫైఫ్ బొగ్గు.
"శనివారానికి అడుగున ఆరు తోలు బిళ్లలు కొట్టివ్వు.
గెలిస్తే డబ్బులిస్తా."
గెలవలేదు. ఇచ్చాడు.

ఎప్పుడూ ఎడమదాని బయటి అంచే అరిగేది.
గీత వెంబడి పరిగెత్తేవాడి జాతకం
అరచేతిలో ఉండదు,
అట్టలో ఉంటుంది.

ఇరవై ఆరు, సమ్మె రోజులు.
ఇంగ్లండు క్లబ్బొకటి అతన్ని కొనుక్కుంది.
వేలు క్లబ్బుకి ముట్టాయి,
అతనికి పది పౌన్లు, ఒక రైలు టికెట్టు.
గంజి వరసలో చోటు పోతుందని
అన్నదమ్ములు అక్కణ్ణించే చెయ్యూపారు.

ఆ తర్వాత బూట్లు పోస్టులో వచ్చేవి
నాకు తెలియని ఎర్రమట్టితో.
ముప్పై మూడులో
కుడి మడమ కూడా అరిగి వచ్చింది.
ఉత్తరంలో ఏమీ రాయలేదు.
మోకాలు పోయిందని
వేలితో తడిమి తెలుసుకున్నాను.

ముప్పై తొమ్మిది, సెప్టెంబరు రెండు.
సీజన్లో మూడో ఆట, మండే ఎండ.
ముప్పై ఏడేళ్లవాడు గోలు కొట్టాడు.
తెల్లారి యుద్ధం.
ఆ మూడు ఆటలూ లెక్కలోంచి తీసేశారు.

"గోలు లేదట. బిళ్ల ఊడిన మాట మాత్రం నిజం.
బాగుచేసి ఉంచు" అని రాశాడు.

ఉంచాను, మేకుకు తగిలించి.
కింద కూర్చుని సైనికుల బూట్లు కుడుతున్నాను.
ఎడమదీ కుడిదీ
ఒకేలా అరిగి వస్తున్నాయి.