ఒక వెంట్రుక

మర్జాన్ దీవిల పద్నాలుగో అంతస్తు.
బాల్కనీల ఎడమ మూలకు ఒదిగి నిలబడితె
సముద్రం కనిపిస్తది.
లేకుంటె పక్క బిల్డింగు ఏసీ డబ్బాలు.

ఎవరో రాసిండ్రట: బాత్రూంల వెంట్రుక.
మూరెడు పొడుగు. నల్లది. మూడు చుక్కలే.
బిజు ఫోన్ల ఫోటో పెద్దగ చేసి చూపెట్టిండు.
నేను టోపీ తీసి నా నున్నటి నెత్తి చూపెట్టిన.
ఇద్దరం నవ్వినం.
నవ్వు ఆగినంక అన్నడు, "గంగమల్లన్నా,
నాలుగు తొమ్మిది ఉండె, నాలుగు ఆరయ్యింది."

మార్కులు పోతె బడిల కొట్టేటోళ్లు.
ఇక్కడ కొట్టరు.
క్యాలెండరు తెల్లగయితది.
రాత్రికి ఆరు వందల ఇరవై దిర్హాములున్నది
నాలుగు వందలకు, మూడు వందల పదికి,
పొద్దుమూకిన అంగడిల టమాట లెక్క దిగింది.
పదకొండు దినాలు ఎవ్వరు రాలె.
దుమ్ము మాత్రం వచ్చింది బుకింగు లేకుంటనే,
కిటికీ సందులకెళ్లి.
ఎవరూ పండని పరుపు మీద
దుప్పటి గుంజి సరిచేసిన.
ఓవర్ టైం లేని నెల.
పైసలు తక్కువెందుకని భూదేవి అడిగితె
వెంట్రుక అని చెప్పాల్నా?

పన్నెండో దినం, అగ్గువకు దొరికిందని,
పోలండు ముసలామె ఒకతె వచ్చింది.
కుర్చీ మీద శాలువ ఇడిసి సముద్రానికి పోయింది.
అంచుకు చిన్న పొక్క. మడతపెట్టిన,
పొక్క లోపలికి పోయేటట్టు.

ఆమె రాసింది జోసెలిన్ చదివి చెప్పింది:
ఇల్లు చిన్నది, లిఫ్టు ఆలస్యం,
కాని నా శాలువను ఎవరో
దాచుకునే దాని లెక్క మడతపెట్టిండ్రు.

గంతే. ఆ ఒక్క ముక్కకు
ఎక్కడెక్కడోళ్లో బ్యాగులు సర్దుకున్నరు.
రేటు ఆరు వందల యాభై.
పదకొండుకు ఒకళ్లు పోతె మూడుకు ఇంకొకళ్లు,
నడుమ నా నడుము.
'ఎవరో' అన్న మాట ఏదని అడిగిన జోసెలిన్‌ను.
ఇంగ్లీషుల ఏడు అక్షరాలు.
వేలు పెట్టి చూసిన.

అందరి శాలువలు మడతపెట్టుమన్నడు బిజు.
శాలువలు లేనోళ్లయి టీషర్టులు పెట్టిన.
ఒకాయన రాసిండు: నా బట్టలు ముట్టుకున్నరు.
రెండు చుక్కలు.

ఇయ్యాల తాళం వేసే ముందట
మోకాళ్ల మీద వంగి, టార్చి అడ్డంగ పట్టి,
దొరకద్దని మొక్కుకుంట నేలంత వెతికిన.
కుర్చీ కాలు ఎనుక ఒకటి దొరికింది.
తెల్లది, సన్నది.
ఇన్ని దినాలు ఎవరి ఫోటోకూ చిక్కలె.